పాత డెస్క్‌టాప్‌లో మోడెమ్ డ్రైవర్ తీయడం, వేయడం ఎలా?

పాత సిస్టమ్‌ను ఫార్మాట్ కొట్టి విండోస్ ఎక్స్‌పీ వేస్తే కీబోర్డు, మౌస్, సీడీ డ్రైవ్ వాటంతటవే పనిచేస్తాయి. మదర్‌బోర్డు సీడీ పెడితే సౌండు, డిస్‌ప్లే కూడా వచ్చేస్తాయి. మోడెమ్ (ఫోన్ లైన్ మీద ఇంటర్నెట్, ఫ్యాక్స్ నడిపే కార్డు) మాత్రం చాలాసార్లు "పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్" అన్న పేరుతో, పక్కన పసుపు ప్రశ్నార్థకంతో మిగిలిపోతుంది. దాని సీడీ ఎప్పుడో పోయి ఉంటుంది. దాంతో దొరికిన డ్రైవరల్లా (మోడెమ్‌ను విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) వేసి చూడటం మొదలవుతుంది. సగం సమస్యలు అక్కడే పుడతాయి.

ముందు చిప్‌ను గుర్తుపట్టాలి, తర్వాత పాత డ్రైవర్ ఆనవాళ్లు తీసేయాలి, ఆ తర్వాతే కొత్తది వేయాలి. ఈ వరస తప్పితే ఒకే మోడెమ్ డివైస్ మేనేజర్‌లో (హార్డ్‌వేర్ జాబితా చూపే విండోస్ కిటికీ) రెండు మూడు పేర్లతో కనబడుతుంది, డయల్ చేసే కనెక్షన్ లేని మోడెమ్‌ను వెతుక్కుంటుంది, కొన్నిసార్లు సిస్టమ్ బూట్ అయ్యేటప్పుడే నీలి తెర వచ్చి ఆగిపోతుంది.

ఇక్కడ చెప్పేది సుమారు 1998–2006 మధ్య కొన్న డెస్క్‌టాప్‌ల గురించి, వాటిలో పీసీఐ స్లాట్‌కు (మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే చోటు) ఎక్కించిన 56కే ఫ్యాక్స్ మోడెమ్ కార్డు గురించి. యూఎస్‌బీ డేటా కార్డులకు, బ్రాడ్‌బ్యాండ్ మోడెమ్‌లకు ఇది వర్తించదు. మెట్లన్నీ ఎక్స్‌పీకి రాశాం. విండోస్ 98 తేడాలు విడిగా ఉన్నాయి. కమాండ్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లో ఇచ్చినా, మీరు టైప్ చేసేది ఇంగ్లీషు అక్షరాల్లోనే.

మీ మోడెమ్ ఏ రకం?

మోడెమ్‌లలో మూడు రకాలున్నాయి. డ్రైవర్ ఎంత కీలకమన్నది రకాన్ని బట్టి ఉంటుంది.

మొదటిది బయట పెట్టే సీరియల్ మోడెమ్. దానికి సొంత అడాప్టర్, ముందువైపు లైట్లు ఉంటాయి, కంప్యూటర్ వెనక 9 పిన్నుల కామ్ పోర్టుకు తగిలిస్తారు. మోడెమ్ పనంతా అదే చేసుకుంటుంది. దాని డ్రైవర్ అంటే నిజానికి ఒక చిన్న ఐఎన్‌ఎఫ్ ఫైలే, అంటే ఏ కమాండ్‌కు ఏం జవాబొస్తుందో రాసి ఉన్న టెక్స్ట్. సీడీ లేకపోయినా విండోస్‌లోనే ఉన్న "స్టాండర్డ్ 56000 బీపీఎస్ మోడెమ్" ఎంచుకుంటే పని జరిగిపోతుంది.

రెండోది కంట్రోలర్ (మోడెమ్ పనిని కార్డు మీదే నడిపే చిప్) ఉన్న లోపలి కార్డు. ఇవి తక్కువ, ధర ఎక్కువ.

మూడోది సాఫ్ట్ మోడెమ్, దీన్నే విన్‌మోడెమ్ అంటారు. మన దగ్గర అసెంబుల్డ్ సిస్టమ్‌లలో ఎక్కువగా వేసింది ఇదే. కార్డు మీద ఒకట్రెండు చిప్‌లు, ఒక రిలే (లైన్‌ను కలిపే, తెంపే చిన్న స్విచ్), రెండు టెలిఫోన్ సాకెట్లు మాత్రమే ఉంటాయి. సిగ్నల్‌ను తయారుచేసే లెక్కలన్నీ డ్రైవర్ రూపంలో మీ ప్రాసెసర్ మీదే నడుస్తాయి. కాబట్టి ఈ రకంలో డ్రైవరే సగం మోడెమ్. దీనికి "స్టాండర్డ్ మోడెమ్" అని బలవంతంగా పేరు పెడితే లిస్టులో పేరు వస్తుంది గానీ మోడెమ్ ఉలకదు, పలకదు. చాలామంది చేసే తప్పు ఇది.

పాత సిస్టమ్‌లో ఫ్యాక్స్ లాంటి పని నమ్మకంగా జరగాలంటే, వీలైతే సీరియల్ మోడెమ్‌కే వెళ్లండి. ఉన్నది సాఫ్ట్ మోడెమే అయితే కింది దారి పట్టండి.

చిప్‌ను గుర్తుపట్టడం

అట్టపెట్టె మీద పేరు కంటే చిప్ మీది అక్షరాలను నమ్మండి. ఒకే బ్రాండు, ఒకే మోడల్ పేరు మీద వేర్వేరు చిప్‌లతో కార్డులు అమ్మిన సందర్భాలున్నాయి. చాలా పెట్టెల మీదైతే "56కే పీసీఐ ఫ్యాక్స్ మోడెమ్" అని తప్ప ఏమీ ఉండదు.

క్యాబినెట్ విప్పకుండా చూసే పద్ధతి ఇది. "మై కంప్యూటర్" మీద రైట్ క్లిక్ చేసి "ప్రాపర్టీస్", "హార్డ్‌వేర్", "డివైస్ మేనేజర్" తెరవండి. ప్రశ్నార్థకం ఉన్న డివైస్ మీద రెండుసార్లు నొక్కి "డీటెయిల్స్" ట్యాబ్‌లోకి వెళ్లండి. సర్వీస్ ప్యాక్ 2 నుంచి ఈ ట్యాబ్ నేరుగా కనిపిస్తుంది. అక్కడ "డివైస్ ఇన్‌స్టన్స్ ఐడీ" కింద పొడవైన వరుస ఒకటి ఉంటుంది. అందులో "వీఈఎన్" తర్వాతి నాలుగు అక్షరాలు తయారీదారువి, "డీఈవీ" తర్వాతి నాలుగు ఆ చిప్‌వి, "సబ్‌సిస్" తర్వాతి ఎనిమిది ఆ కార్డువి. మొత్తం వరుస కాగితం మీద రాసుకోండి. తరచూ కనిపించే తయారీదారు కోడ్‌లు:

- 14ఎఫ్1: కోనెక్సెంట్
- 11సీ1: లూసెంట్, తర్వాతి పేరు అగేర్
- 1057: మోటరోలా
- 134డీ: పీసీటెల్
- 163సీ: స్మార్ట్‌లింక్
- 12బీ9: యూఎస్ రోబోటిక్స్
- 8086: ఇంటెల్

చివరిదాని దగ్గర కాస్త ఆగాలి. 8086 అంటే ఇంటెల్ మోడెమ్ కార్డే కావచ్చు, లేదా మదర్‌బోర్డు చిప్‌సెట్‌లో కలిసి ఉన్న మోడెమ్ కంట్రోలర్ కావచ్చు. రెండో దాంట్లో అసలు మోడెమ్ పక్కనున్న చిన్న రైజర్ కార్డు మీద వేరే కంపెనీ చిప్‌తో ఉంటుంది. అప్పుడు ఇంటెల్ డ్రైవర్ వేస్తే పనిచేయదు. సబ్‌సిస్ కోడ్‌ను బట్టి, లేదంటే మదర్‌బోర్డు మోడల్‌ను బట్టి డ్రైవర్ వెతకాలి.

డివైస్ మేనేజర్‌లో అసలేమీ కనిపించకపోతే కార్డు బయటకు తీసి పెద్ద చిప్ మీద చూడండి. వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే వెలిసిపోయిన అక్షరాలు కూడా కనిపిస్తాయి. 1646 లేదా 1648తో మొదలయ్యే అంకెలుంటే లూసెంట్, "సీఎక్స్" తర్వాత అంకెలుంటే కోనెక్సెంట్, "పీసీటీ"తో మొదలైతే పీసీటెల్.

డ్రైవర్ ప్యాకేజీ దొరికాక వేసే ముందు ఒక్క నిమిషం పరీక్ష చేయండి. అందులోని ఐఎన్‌ఎఫ్ ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మీరు రాసుకున్న వీఈఎన్, డీఈవీ కోడ్‌లు ఉన్నాయేమో వెతకండి. ఉంటే అది మీ కార్డు డ్రైవరే. లేకపోతే ఫోల్డర్ పేరు ఎంత నమ్మకంగా కనిపించినా పక్కన పెట్టండి. పై వరుసల్లో "క్లాస్" అన్నచోట మోడెమ్ అని ఉంటుంది, "డ్రైవర్‌వెర్" అన్నచోట తేదీ, వెర్షన్ ఉంటాయి. ఐఎన్‌ఎఫ్ ఎక్స్‌పీదా, 98దా అన్నది కూడా చూసుకోండి. ఒకే సీడీలో రెండింటికీ వేర్వేరు ఫోల్డర్లు ఉంటాయి.

పాత డ్రైవర్‌ను శుభ్రంగా తీయడం

కార్డు స్లాట్‌లో ఉండగానే డ్రైవర్ తీయాలి. కార్డు ముందే పీకేస్తే డ్రైవర్ పోదు, డివైస్ మేనేజర్‌లో కనబడకుండా దాక్కుంటుంది. మళ్లీ కార్డును ఇంకో స్లాట్‌లో పెడితే విండోస్ దాన్ని కొత్త వస్తువుగా లెక్కేసి పేరు చివర "#2" తగిలిస్తుంది.

1. టెలిఫోన్ వైరు తీసేయండి. డయలప్ కనెక్షన్లు, ఫ్యాక్స్ ప్రోగ్రామ్‌లు మూసేయండి.

2. రెస్టోర్ పాయింట్ పెట్టుకోండి: "స్టార్ట్", "ఆల్ ప్రోగ్రామ్స్", "యాక్సెసరీస్", "సిస్టమ్ టూల్స్", "సిస్టమ్ రెస్టోర్".

3. "కంట్రోల్ ప్యానెల్"లో "యాడ్ ఆర్ రిమూవ్ ప్రోగ్రామ్స్" తెరిచి మోడెమ్ పేరు వెతకండి. "సాఫ్ట్ వీ92 డేటా ఫ్యాక్స్ మోడెమ్", "అగేర్ సిస్టమ్స్ పీసీఐ సాఫ్ట్ మోడెమ్", "ఎస్ఎం56" లాంటి పేర్లు ఉంటాయి. ఉంటే ముందు అక్కడి నుంచే తీయండి, ఎందుకంటే కంపెనీ ఇచ్చిన అన్‌ఇన్‌స్టాలర్‌కు తన ఫైళ్లు ఎక్కడున్నాయో తెలుసు. రీస్టార్ట్ అడిగితే చేయండి. తిరిగి వచ్చాక "ఫౌండ్ న్యూ హార్డ్‌వేర్" విజార్డ్ వస్తే "క్యాన్సిల్" నొక్కండి.

4. ఆ లిస్టులో పేరు లేకపోతే డివైస్ మేనేజర్‌లో "మోడెమ్స్" కింద రైట్ క్లిక్ చేసి "అన్‌ఇన్‌స్టాల్" చేయండి. చేసే ముందు "డ్రైవర్" ట్యాబ్‌లో "డ్రైవర్ డీటెయిల్స్" నొక్కి ఏ సిస్ ఫైళ్లు (డ్రైవర్ అసలు ప్రోగ్రామ్ ఫైళ్లు) వాడుతోందో రాసుకోండి. ఏజీఆర్‌ఎస్‌ఎం ఉంటే అగేర్, ఎస్‌ఎంసీరియల్ ఉంటే మోటరోలా, ఎల్‌టీఎండీఎంఎన్‌టీ ఉంటే లూసెంట్.

5. దాక్కున్న పాత మోడెమ్‌లను బయటికి లాగండి. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "సెట్ డెవ్‌ఎంజీఆర్ షో నాన్‌ప్రెజెంట్ డివైసెస్" అని టైప్ చేసి చివర ఈక్వల్ గుర్తు, 1 పెట్టండి. "సెట్" తర్వాత ఖాళీ, మిగతా నాలుగు మాటల మధ్య ఖాళీకి బదులు అండర్‌స్కోర్. ఎంటర్ కొట్టాక అదే కిటికీలో "స్టార్ట్ డెవ్‌ఎంజీఎంటీ డాట్ ఎంఎస్‌సీ" అని టైప్ చేయండి. తెరుచుకున్న డివైస్ మేనేజర్‌లో "వ్యూ" మెనూ నుంచి "షో హిడెన్ డివైసెస్" ఎంచుకుంటే, ఇప్పుడు లేని మోడెమ్‌లు వెలిసిపోయిన బొమ్మలతో కనిపిస్తాయి. "మోడెమ్స్", "పోర్ట్స్" కింద ఉన్న ఆ వెలిసిన మోడెమ్ పేర్లన్నీ ఒక్కొక్కటిగా అన్‌ఇన్‌స్టాల్ చేయండి. వేరే విభాగాల్లో వెలిసినవి కనిపించినా వాటి జోలికి పోవద్దు. మామూలు డివైస్ మేనేజర్‌ను వేరే చోట నుంచి తెరిస్తే ఇవి కనిపించవు, కమాండ్ ఇచ్చిన కిటికీ నుంచే తెరవాలి.

6. మిగిలిన ఐఎన్‌ఎఫ్ తీయండి. ఈ మెట్టు వదిలేస్తే, కొత్త డ్రైవర్ వేసేలోపే విండోస్ పాతదాన్నే వెతికి మళ్లీ ఎక్కిస్తుంది. "సీ" డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్‌లోని "ఐఎన్‌ఎఫ్" ఫోల్డర్ దాగి ఉంటుంది. "ఫోల్డర్ ఆప్షన్స్"లో "షో హిడెన్ ఫైల్స్" పెడితే కనిపిస్తుంది. బయటి నుంచి వేసిన డ్రైవర్లన్నీ అక్కడ "ఓఈఎం0", "ఓఈఎం1", "ఓఈఎం2" పేర్లతో ఉంటాయి. ఒక్కోదాన్ని నోట్‌ప్యాడ్‌లో తెరిచి, క్లాస్ మోడెమ్ అని ఉండి మీ తయారీదారు కోడ్ కూడా ఉన్నదాన్ని పట్టుకోండి. దాన్నీ, అదే పేరుతో ఉన్న పీఎన్‌ఎఫ్ ఫైల్‌నూ డిలీట్ చేయకుండా వేరే ఫోల్డర్‌లోకి జరపండి. పొరపాటున సౌండ్ కార్డుది జరిపినా వెనక్కి తెచ్చుకోవచ్చు.

7. షట్‌డౌన్ చేయండి.

మోడెమ్‌ను పూర్తిగా తీసేయడమే మీ పనైతే, ఇప్పుడు కార్డు పీకేసి వెనక ఖాళీని రేకు పట్టీతో మూసేస్తే సరిపోతుంది. అలా తెరిచి వదిలేస్తే దుమ్ము, బల్లులు లోపలికి పోతాయి.

కార్డును సరిగ్గా కూర్చోబెట్టడం

డ్రైవర్ తప్పు అనుకున్నది చాలాసార్లు స్లాట్ తప్పే అవుతుంది, అందుకే ఈ పని తొందరగా ముగించొద్దు.

పవర్ కేబుల్ తీసేయండి, స్విచ్ ఆపితే చాలదు. మదర్‌బోర్డుకు స్టాండ్‌బై కరెంటు అందుతూనే ఉంటుంది. ఫోన్ వైరు కూడా తీసి ఉండాలి. ల్యాండ్‌లైన్‌లో మామూలుగా 48 వోల్టులే ఉన్నా, రింగ్ వచ్చే క్షణంలో అది బాగా పెరుగుతుంది, ముట్టుకుంటే జలదరిస్తుంది. క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి స్టాటిక్ వదిలించుకోండి.

కార్డు కింది బంగారు రంగు కాంటాక్టులు మసకబారి ఉంటే పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా తుడవండి. రబ్బరు పొడి ఊదేయండి. కొన్నేళ్లు తేమలో ఉన్న కార్డుకు చాలాసార్లు ఈ ఒక్క పని చాలు.

స్లాట్ ఎంపిక: ఏజీపీ స్లాట్‌కు (వీడియో కార్డు పెట్టేది) ఆనుకుని ఉన్న మొదటి పీసీఐ స్లాట్ వదిలేయండి. చాలా మదర్‌బోర్డుల్లో ఆ రెండూ ఒకే ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే దారి) పంచుకుంటాయి. వీడియో కార్డుతో పంచుకున్న సాఫ్ట్ మోడెమ్ లైన్ కలిసిన కొద్దిసేపటికే పడిపోవచ్చు, లేదా తెర బిగుసుకుపోవచ్చు. రెండో, మూడో స్లాట్‌లో పెట్టండి. కార్డు రెండు చివరలా సమానంగా నొక్కితే "టక్" మని దిగుతుంది. స్క్రూ బిగించేటప్పుడు వెనక వైపు పైకి లేవలేదని చూసుకోండి. లేస్తే సగం కాంటాక్టులే తగులుతాయి, మోడెమ్ ఒకసారి కనిపించి ఒకసారి కనిపించదు.

కార్డు మీద రెండు సాకెట్లుంటాయి. "లైన్" అని, లేదా గోడ సాకెట్ బొమ్మ ఉన్నదానికి బయటి వైరు. "ఫోన్" అన్నదానికి మీ టెలిఫోన్. ఇంకో జాగ్రత్త: ఫోన్ వైరు చిన్న ప్లగ్ ల్యాన్ సాకెట్‌లో కూడా దూరిపోతుంది. రింగ్ వోల్టేజీ ల్యాన్ పోర్టుకు మంచిది కాదు. చీకట్లో, టేబుల్ వెనక తడుముతూ పెట్టకండి.

కొత్త డ్రైవర్ వేయడం

సిస్టమ్ ఆన్ చేయగానే "ఫౌండ్ న్యూ హార్డ్‌వేర్" విజార్డ్ వస్తుంది. మీ దగ్గరున్న డ్రైవర్ ప్యాకేజీని బట్టి దారి మారుతుంది.

ప్యాకేజీలో "సెటప్" ఫైల్ ఉంటే విజార్డ్‌ను క్యాన్సిల్ చేసి, సెటప్ నడపండి. అది ఫైళ్లు కాపీ చేసి మోడెమ్‌ను తనే గుర్తుపడుతుంది.

సెటప్ లేకుండా ఐఎన్‌ఎఫ్, సిస్ ఫైళ్లే ఉంటే విజార్డ్‌తోనే వెళ్లాలి:

1. విండోస్ అప్‌డేట్‌కు వెళ్లమంటావా అని అడిగితే "నో, నాట్ దిస్ టైమ్".

2. "ఇన్‌స్టాల్ ఫ్రమ్ ఎ లిస్ట్ ఆర్ స్పెసిఫిక్ లొకేషన్" ఎంచుకోండి. ఆటోమేటిక్ అన్నది వద్దు.

3. "ఇన్‌క్లూడ్ దిస్ లొకేషన్" దగ్గర టిక్ పెట్టి, "బ్రౌజ్"తో ఐఎన్‌ఎఫ్ ఉన్న అసలు ఫోల్డర్ దాకా దిగండి. పై ఫోల్డర్ దగ్గరే ఆగితే దొరకలేదంటుంది.

4. విండోస్ లోగో పరీక్ష పాసవలేదన్న హెచ్చరిక వస్తే "కంటిన్యూ ఎనీవే". ఆ కాలపు మోడెమ్ డ్రైవర్లకు ఇది మామూలే. కోడ్ సరిపోయిందని మీరు ముందే చూసుకున్నారు కాబట్టి భయం లేదు.

5. విజార్డ్ పూర్తయ్యాక ఇంకోసారి వస్తే ఆశ్చర్యపోకండి. కొన్ని చిప్‌లకు ముందు కంట్రోలర్, తర్వాత మోడెమ్, తర్వాత వాయిస్ డివైస్ అని రెండు మూడు విడతలుగా ఎక్కుతుంది. ప్రతిసారీ అదే ఫోల్డర్ చూపించండి. మధ్యలో క్యాన్సిల్ చేస్తే మోడెమ్ సగమే ఎక్కి ఉంటుంది.

6. అడగకపోయినా ఒకసారి రీస్టార్ట్ చేయండి.

కొన్ని లూసెంట్, కోనెక్సెంట్, స్మార్ట్‌లింక్ చిప్‌లకు ఎక్స్‌పీలోనే డ్రైవర్ ఉంది. కార్డు పెట్టగానే మోడెమ్ దానంతటదే ఎక్కి, కింది పరీక్షలన్నీ పాసైతే అక్కడితో ఆపేయండి. కొత్త వెర్షన్ దొరికిందని పనిచేస్తున్నదాన్ని కదిలించకండి. ఒకవేళ మార్చాక చెడితే డివైస్ మేనేజర్‌లో "రోల్ బ్యాక్ డ్రైవర్" ఉంది.

పరీక్ష: కంప్యూటర్ వైపు, లైన్ వైపు

ఈ రెండూ వేర్వేరు. మొదటిది పాసైతే డ్రైవర్ బాగున్నట్టు. రెండోది పాసైతేనే మోడెమ్ బాగున్నట్టు.

కంప్యూటర్ వైపు: "కంట్రోల్ ప్యానెల్"లో "ఫోన్ అండ్ మోడెమ్ ఆప్షన్స్" తెరవండి. ముందు "డయలింగ్ రూల్స్"లో దేశం ఇండియా అని, ఏరియా కోడ్ సున్నా లేకుండా (హైదరాబాద్‌కు 40, విజయవాడకు 866), "టోన్" అని పెట్టండి. దేశం తప్పుగా ఉంటే కొన్ని మోడెమ్‌లు మన డయల్ టోన్‌ను గుర్తుపట్టవు. తర్వాత "మోడెమ్స్" ట్యాబ్‌లో మోడెమ్ ఎంచుకుని "ప్రాపర్టీస్", "డయాగ్నోస్టిక్స్", "క్వెరీ మోడెమ్". కొన్ని క్షణాల్లో ఏటీఐ1, ఏటీఐ2 లాంటి కమాండ్లు, వాటి జవాబులు వరుసగా వస్తాయి. "ఎఫ్‌క్లాస్" ప్రశ్నకు జవాబులో 0 ఉంటే డేటా, 1 లేదా 2 ఉంటే ఫ్యాక్స్, 8 ఉంటే వాయిస్ పనిచేస్తాయని అర్థం. ఫ్యాక్స్ కోసమే ఇదంతా చేస్తున్నవారు ఆ 1 ఉందో లేదో తప్పక చూసుకోవాలి. "మోడెమ్" ట్యాబ్‌లో పోర్ట్ స్పీడ్ 115200 పెట్టండి.

లైన్ వైపు: "యాక్సెసరీస్", "కమ్యూనికేషన్స్" కింద "హైపర్‌టెర్మినల్" తెరిచి మోడెమ్ ఉన్న కామ్ పోర్టు ఎంచుకోండి. "ఏటీ" అని కొట్టి ఎంటర్ నొక్కితే "ఓకే" రావాలి. ఇప్పుడు మీ సెల్‌కే డయల్ చేయండి: "ఏటీడీటీ", వెంటనే 0, తర్వాత పదంకెల నంబరు, చివర సెమీకోలన్. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కు చేసేటప్పుడు ముందు సున్నా తప్పనిసరి, మోడెమ్‌కూ అదే నియమం. ముందు రిలే "టిక్" మంటుంది, స్పీకర్‌లో డయల్ టోన్, వెంట అంకెల టోన్లు వినిపిస్తాయి, సెల్ మోగుతుంది. "ఏటీహెచ్" కొడితే లైన్ పెట్టేస్తుంది. సెమీకోలన్ పెట్టకపోతే మోడెమ్ అవతలి మోడెమ్ కోసం ఎదురుచూస్తూ ఉంటుంది, ఆ మధ్యలో ఏ కీ నొక్కినా కాల్ తెగిపోతుంది.

తిరుగు పరీక్షగా సెల్ నుంచి ల్యాండ్‌లైన్‌కు చేయండి. తెర మీద "రింగ్" అన్న మాట పడుతూ ఉండాలి. అటూ ఇటూ రెండూ జరిగితే మోడెమ్, డ్రైవర్, లైన్ మూడూ బాగున్నట్టే.

వేగం గురించి ఆశ పెంచుకోవద్దు. 56కే అన్నది అవతలి వైపు డిజిటల్ లైన్ ఉన్నప్పుడు, అదీ దిగుమతికే (డౌన్‌లోడ్). వీ.90 అనే మోడెమ్ ప్రమాణంలో ఎగుమతి (అప్‌లోడ్) 33.6కే, దాని తర్వాతి వీ.92లో 48కే వరకు. రెండు మామూలు మోడెమ్‌లు ఒకదానికొకటి డయల్ చేసుకుంటే 33.6కే దాటదు. అది డ్రైవర్ లోపం కాదు.

ఏది చెడితే ఎక్కడ చూడాలి

డివైస్ మేనేజర్‌లో కోడ్ 28 అంటే డ్రైవర్ ఎక్కలేదు. కోడ్ 10 అంటే ఎక్కింది గానీ మొదలవలేదు. చాలాసార్లు అదే కంపెనీ వేరే చిప్ డ్రైవర్ వేసినప్పుడు ఇలా అవుతుంది. కోడ్ 12 అంటే వనరులు చాలలేదు. వేరే స్లాట్ చూడండి, లేదా బయాస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల తెర) వాడని కామ్2 పోర్టును ఆపేయండి. కోడ్ 39 అంటే ఫైల్ పాడైంది, పై తీసివేత మెట్లన్నీ మళ్లీ చేసి వేయండి.

డయల్ చేసేటప్పుడు వచ్చే నంబర్లు వేరు. 680 డయల్ టోన్ లేదు, 676 అవతలి లైన్ ఎంగేజ్, 678 అవతల ఎత్తలేదు, 691 యూజర్ నేమ్ లేదా పాస్‌వర్డ్ తప్పు. ఈ నాలుగింటికీ డ్రైవర్‌తో సంబంధం లేదు. 633 అంటే మోడెమ్‌ను ఇంకో ప్రోగ్రామ్ పట్టుకుని ఉంది, లేదా సరిగా అమరలేదు. ఫ్యాక్స్ ప్రోగ్రామ్ ఆటో రిసీవ్‌లో ఉందేమో చూడండి. 797 అంటే కనెక్షన్ పాత మోడెమ్‌ను వెతుకుతోంది. "నెట్‌వర్క్ కనెక్షన్స్"లో ఆ కనెక్షన్ ప్రాపర్టీస్ తెరిచి "కనెక్ట్ యూజింగ్" దగ్గర కొత్త మోడెమ్‌కు టిక్ మార్చండి. డ్రైవర్ మార్చాక ఈ మార్పు మరిచిపోయి మళ్లీ డ్రైవర్ మీద పడేవారు ఎక్కువ.

ఆఫీసు ఇంటర్‌కామ్ లైన్ మీద 680 వస్తుంటే, అక్కడి టోన్ ఎక్స్‌ఛేంజ్ టోన్ కంటే వేరుగా ఉండటమే కారణం. మోడెమ్ ప్రాపర్టీస్‌లో "వెయిట్ ఫర్ డయల్ టోన్" టిక్ తీసేయండి. హైపర్‌టెర్మినల్‌లో దీనికి "ఏటీఎక్స్3". బయటి లైన్ కోసం నొక్కే 0 లేదా 9 తర్వాత కామా పెడితే మోడెమ్ సుమారు రెండు క్షణాలు ఆగి మిగతా అంకెలు కొడుతుంది.

డ్రైవర్ వేశాక బూట్‌లోనే ఆగిపోతే ఎఫ్8 నొక్కి "లాస్ట్ నోన్ గుడ్ కాన్ఫిగరేషన్" చూడండి. కుదరకపోతే సేఫ్ మోడ్‌లో అన్‌ఇన్‌స్టాల్ చేయండి. అదీ కాకపోతే పవర్ తీసి కార్డు పీకేయండి, విండోస్ మామూలుగా తెరుచుకుంటుంది.

కారణం అంతు చిక్కనప్పుడు విండోస్ ఫోల్డర్‌లో "మోడెమ్‌లాగ్" పేరుతో మొదలయ్యే టెక్స్ట్ ఫైల్ తెరవండి. మోడెమ్‌కు ఏ కమాండ్ వెళ్లింది, ఏ జవాబు వచ్చింది సమయంతో సహా ఉంటుంది. చివరి పది వరుసలు చదివితే చాలు.

విండోస్ 98లో తేడాలు

98కి తన సీడీ పదేపదే కావాలి. పని మొదలుపెట్టే ముందే సీడీలోని "విన్98" ఫోల్డర్‌ను హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేసుకోండి, అడిగినప్పుడల్లా ఆ దారి చూపించండి. మామూలు పెన్‌డ్రైవ్‌ను 98 ఎస్‌ఈ (సెకండ్ ఎడిషన్) కూడా దానంతటదే గుర్తుపట్టదు, కాబట్టి డ్రైవర్‌ను సీడీలో రాసి తేవాలి. 1.44 ఎంబీ లోపు ఉంటే ఫ్లాపీ చాలు. బయటి ఐఎన్‌ఎఫ్‌లు ఇక్కడ "ఐఎన్‌ఎఫ్" లోపలి "అదర్" ఫోల్డర్‌లో ఉంటాయి. వాటిని జరిపాక "ఐఎన్‌ఎఫ్"లోని డీఆర్‌వీడేటా, డీఆర్‌వీఐడీఎక్స్ అనే రెండు బిన్ ఫైళ్లు కూడా తీసేయండి. విండోస్ వాటిని మళ్లీ తయారుచేసుకుంటుంది. తీయకపోతే పోయిన డ్రైవర్ ఇంకా ఉందనే అనుకుంటుంది.

డ్రైవర్ బాగుండి కూడా మోడెమ్ పలకకపోతే

క్వెరీ మోడెమ్‌కు జవాబులన్నీ సరిగ్గా వస్తాయి, హైపర్‌టెర్మినల్‌లో "ఓకే" కూడా వస్తుంది. డయల్ చేస్తే మాత్రం ప్రతిసారీ "నో డయల్‌టోన్". అదే వైరు టెలిఫోన్‌కు పెడితే టోన్ చక్కగా వినిపిస్తుంది. ఏటీఎక్స్3 పెట్టినా సెల్ మోగదు, సెల్ నుంచి చేస్తే తెర మీద "రింగ్" పడదు. ఇలా ఉంటే కార్డులో లైన్ వైపు భాగం కాలిపోయింది, ఎక్కువగా పిడుగు వల్ల. చిప్ బతికే ఉంటుంది కాబట్టి విండోస్‌కు మోడెమ్ నిక్షేపంగా కనిపిస్తుంది. కార్డు మీది "ఫోన్" సాకెట్‌లో టెలిఫోన్‌కు టోన్ వస్తోందని మోసపోవద్దు. ఆ దారి లైన్‌ను నేరుగా అవతలికి దాటిస్తుంది, మోడెమ్ భాగాన్ని తాకదు. డ్రైవర్ ఎన్నిసార్లు మార్చినా ఈ కార్డు పలకదు, కొత్త కార్డే దారి. ఆ కొత్తది ఎక్కించాక, ఉరుములు వినిపించగానే కరెంటు ప్లగ్‌తో పాటు ఫోన్ వైరు కూడా పీకేయండి.

ఫైబర్ కనెక్షన్ పెట్టె నుంచి వచ్చే ల్యాండ్‌లైన్ మీద పరిస్థితి ఇంకోలా ఉంటుంది. టోన్ వస్తుంది, సెల్ మోగుతుంది, ఫ్యాక్స్ మాత్రం సగం పేజీలో తెగిపోతుంది. ఆ పెట్టె మాటను చిన్న ప్యాకెట్లుగా కోసి పంపుతుంది. మనిషి చెవికి తెలియని చిన్న ఖాళీలు కూడా మోడెమ్‌కు అడ్డమే. ఫ్యాక్స్ ప్రోగ్రామ్‌లో వేగాన్ని 9600కు తగ్గించి చూడండి.